సుద్దదారం: ఓ తెలుగు ఫాంటు తయారీ డైరీ

డిసెంబరు 9

ఫైనలియర్ ప్రాజెక్టు టాపిక్ ఇవాళ ఖాయమైంది. మా మీడియా డిజైన్ కోర్సు చివరి సెమిస్టరులో మూడు పనులు చేసి ఇవ్వాలి: అక్షరాల మీద ఒకటి, ఒక పోస్టరు, 15 సెకన్లు దాటని మోషన్ గ్రాఫిక్ (కదిలే అక్షరాలు, బొమ్మల వీడియో) ఒకటి. మూడూ వేర్వేరు విషయాల మీద చెయ్యొచ్చు, ఒకే విషయం మీదైనా చెయ్యొచ్చు. నేను ఒకటే తీసుకున్నాను. చేత్తో రాసిన తెలుగు బోర్డు అక్షరాల్ని ఫాంటుగా చేస్తాను. ఆ ఫాంటుతో పోస్టరు వేస్తాను. పోస్టరులోని మాటని బ్రష్షుతో రాస్తున్నట్టు కదిలిస్తాను.

దీనంతటికీ మూలం విజయవాడ కృష్ణలంకలో మా అమ్మమ్మ వాళ్ళ వీధి చివర ఉన్న కిరాణా కొట్టు. చిన్నప్పుడు నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు ఆ బోర్డు మీదివే. నీలం రేకు మీద పసుపు ఎనామిల్ అక్షరాలు, వాటి వెనక ఎర్రటి నీడ. మొన్న దీపావళికి వెళ్ళేసరికి ఆ రేకు మీద ఫ్లెక్సీ కట్టేసి ఉంది. కొట్టాయన్ని అడిగితే ఫ్లెక్సీ ఒక పక్క విప్పి చూపించారు. కింద అక్షరాలు అలాగే ఉన్నాయి, అక్కడక్కడా పెచ్చులూడాయి అంతే. ఫోన్‌తో 40 ఫొటోలు తీసుకున్నాను. కుడి వైపు అడుగున చిన్నగా పెయింటరు సంతకం, దాని పక్కన పాత ల్యాండ్‌లైన్ నంబరు. ఆ నంబరు ఇప్పుడు పనిచెయ్యదు. ఆ పెయింటరు మాత్రం ఇంకా పని చేస్తూనే ఉన్నారని కొట్టాయనే చెప్పారు.

డిసెంబరు 14

ఆటోనగర్‌లో దొరికారు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డుల పని పోయిందట. ఇరవై ఏళ్ళుగా లారీ బాడీల మీద రాస్తున్నారు. నేను వెళ్ళేసరికి కొత్త బాడీ వెనక డాలా (తలుపు పలక) మీద సుద్దగీతలు కొడుతున్నారు. ఫోన్‌లో కిరాణా కొట్టు బోర్డు చూపించాను. కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూసి, "ఈ 'క్ష్మీ' బరువెక్కిందమ్మా, అప్పటికి నాకింకా చెయ్యి కుదరలేదు" అన్నారు. నాకు ఆ బోర్డంతటిలో అన్నిటికన్నా నచ్చిన అక్షరం అదే.

నేను ఆయన్ని బాబాయ్ గారూ అంటున్నాను. తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు, కాబట్టి ఈ డైరీలో రాయను.

డిసెంబరు 21

ముందు ఒప్పందం. ఆ రాత ఆయనది. నేను దాన్ని గీసి, కోడ్ రాసి, ఫైలు చేస్తున్నానంతే. అందుకని ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. ఆయన కూర్చున్న ప్రతి రోజుకీ లారీ పనికి వచ్చే రోజు కూలి నేనిస్తాను. ఫాంటు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద బయటికి వస్తుంది, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ ఫాంటుని విడిగా అమ్ముకోకూడదు. ఈ చివరి ముక్క ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. కూలి డబ్బులకి వేసవిలో కొనుక్కుందామనుకున్న పెన్ టాబ్లెట్ ఆగిపోయింది. మౌస్‌తోనే గీస్తాను, పర్వాలేదు.

మా గైడ్ మేడమ్ ఒక మాట చెప్పారు: "ముందు ఉన్న ఫాంట్లు విప్పి చూడు." గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన సూరన్న, ధూర్జటి, తిమ్మన, పెద్దన, అంతా మన కవులే. ఇంకా మండలి, రామభద్ర, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు. అన్నీ ఓపెన్ లైసెన్సులోనే ఉన్నాయి కాబట్టి ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ ప్రోగ్రాములో తెరిచి లోపల ఏముందో చూడొచ్చు. మూడు రోజులు అదే పని చేశాను. ఒక్కో ఫాంటులో ర వత్తుని ఒక్కొక్కరు ఒక్కోలా తీర్చారు. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది, అంతలోనే భయమూ వేసింది.

డిసెంబరు 28

మొదటి రాత రోజు. మా మేనమామ గారి మేడ మీద చాప పరిచి, డ్రాయింగు షీట్లు అంటించిన ప్లైవుడ్ పలక పెట్టాం. ఫోన్‌ని స్టూలుకి కట్టి, ఆయన చెయ్యి మాత్రమే ఫ్రేములో పడేలా పై నుంచి వీడియో తీశాను.

దారాన్ని సుద్దముక్క మీద రెండుసార్లు లాగారు. ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఆయన బొటనవేలి కింద. మధ్యలో రెండు వేళ్ళతో కొద్దిగా పైకి లాగి వదిలారు. టప్‌మని తెల్లటి గీత, స్కేలు పెట్టినా అంత తిన్నగా రాదు. అక్షరం ఒంటికి రెండు గీతలు, వాటి కింద వత్తుల కోసం మూడోది. నాలుగోది కూడా కొట్టబోతే ఎందుకని అడిగాను. "స్త్రీ రాయాలంటే ఇంకో అంతస్తు కావాలి కదా" అన్నారు.

బ్రష్షు చదునుది. పెయింటులో ముంచి, డబ్బా అంచుకి రెండు వైపులా ఒత్తి, ఒక చెక్కముక్క మీద నాలుగైదుసార్లు ఇటూ అటూ రాసి అంచు పదును చేస్తారు. అప్పుడు గానీ షీటు మీద పెట్టరు. బ్రష్షు అంచు ఒకే వాలులో ఉంటుంది, మణికట్టు తిరగదు, చెయ్యంతా తిరుగుతుంది. లావూ సన్నం వాటంతటవే వస్తాయి. ఒళ్ళంతా అయ్యాకే తలకట్టు. అది ఒక్క దెబ్బ, కింది నుంచి పైకి విసిరి బ్రష్షు ఎత్తేస్తారు.

ఇక్కడే నా ప్లాను తలకిందులైంది. నేను పట్టిక తయారు చేసుకుని వెళ్ళాను: అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తులు, తర్వాత వత్తులు విడివిడిగా. హల్లుల దాకా చకచకా రాసేశారు. వత్తుల పేజీకి వచ్చాక బ్రష్షు ఆపేశారు.

"ఒట్టి వత్తు ఎలా రాస్తానమ్మా? దేని కింద పెట్టాలో చెప్పు."

"ఏదైనా ఒకటే కదా బాబాయ్ గారూ, త వత్తు త వత్తే కదా."

ఆయన మాట్లాడకుండా 'అత్త' అని రాశారు, పక్కనే 'భక్తి' అని రాశారు. మొదటి దాంట్లో త వత్తు తన అక్షరానికి బాగా దగ్గరగా, కొంచెం లోపలికి ఉంది. రెండో దాంట్లో క కింది నుంచి కుడికి జరిగి, కాస్త కిందికి దిగింది. గుణపాఠం అర్థమైంది. పట్టిక పక్కన పెట్టి అక్కడే కూర్చుని మాటల జాబితా రాసుకున్నాను: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, ఉత్సాహం, అక్కయ్య, కృష్ణ, బ్రహ్మ, జ్ఞానం, స్వాతంత్ర్యం, పుస్తకం, వ్యవసాయం, నీళ్ళు. సాయంత్రానికి 64 మాటలు రాశారు.

జనవరి 5

షీట్లన్నీ 600 డీపీఐలో స్కాన్ చేయించాను. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ ప్రోగ్రాములో ఆటో ట్రేస్ (స్కాన్‌ని తనంతట తనే గీతలుగా మార్చే పని) కొట్టి చూస్తే 'క' ఒక్కదానికి, ఆకారాన్ని పట్టి ఉంచే పాయింట్లు 214 వచ్చాయి. కాగితం గరుకూ, బ్రష్షు వెంట్రుకా, పెయింటు చుక్కా అన్నిటినీ అది అక్షరంగానే లెక్క కట్టింది. పెద్దది చేసి చూస్తే అంచంతా గజిబిజి. ఆటో ట్రేస్ మానేశాను. స్కాన్‌ని వెనక లేతగా పెట్టుకుని చేత్తో గీస్తున్నాను. ఇప్పుడు 'క' 22 పాయింట్లలో ఒదిగింది.

పద్ధతి చెప్పడం తేలికే, చెయ్యడమే కష్టం. వంపు ఎక్కడ అన్నిటికన్నా పైకి పోయిందో, ఎక్కడ కిందికి దిగిందో, ఎడమకీ కుడికీ ఎక్కడ చివర తాకిందో, ఆ నాలుగు చోట్లే పాయింట్లు పెట్టాలి. పాయింటు దగ్గర వంపుని లాగే హ్యాండిళ్ళు నిలువుగానో అడ్డంగానో మాత్రమే ఉండాలి. తెలుగు అక్షరమంతా వంపులే కాబట్టి ఇలాంటి చోట్లు ఎక్కువ. రోజుకి ఆరు అక్షరాలకి మించి తెమలడం లేదు.

జనవరి 13

సంక్రాంతికి అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను. తెల్లవారుజామున అమ్మమ్మ మెలికల ముగ్గు వేస్తుంటే వీడియో తీశాను. ప్రాజెక్టుకి పనికొస్తుందని కాదు, ఊరికే చూడాలనిపించింది. ముగ్గుపిండి ధార ఎక్కడ పలచబడుతోందో, మలుపులో ఎక్కడ చిక్కబడుతోందో గమనించాక, నా 'ఠ' మలుపు దగ్గర ఎందుకు బిగుసుకుపోయిందో తెలిసింది. మలుపులో నేను తొందరపడుతున్నాను. ఇంటికి వెళ్ళగానే 'ఠ', 'ర', 'ద' మళ్ళీ గీయాలి.

జనవరి 24

హల్లులు పూర్తయ్యాయి. ఒకదాని నుంచి ఒకటి పుట్టే అక్షరాల్ని గుంపులుగా పెట్టుకోవడం కలిసొచ్చింది. ద, ధ, థ ఒక గుంపు: ధకి అడుగున గాటు, థకి ఆ గాటుతో పాటు కడుపులో చుక్క. బాబాయ్ గారు ఆ చుక్క చాలా పెద్దది పెడతారు. రోడ్డుకి అవతలి నుంచి చూసినా కనబడాలి కదా. నేను మొదట దాన్ని చిన్నది చేసి అందంగా ఉందనుకున్నాను. ఫోన్ స్క్రీన్ మీద చిన్న సైజులో చూస్తే థ, ధ ఒకేలా ఉన్నాయి. ఆయన చుక్కే మళ్ళీ పెట్టేశాను.

తలకట్టు సంగతి ఇంకోటి. క మీద గుడి పెట్టి 'కి' చెయ్యాలంటే ముందు తలకట్టు తియ్యాలి. కాబట్టి తలకట్టు ఉన్న ప్రతి హల్లుకీ తలకట్టు లేని జంట ఒకటి గీయాలి. ఖ, జ, ట, ణ, బ, ల లాంటివి తలకట్టు లేకుండానే పుట్టాయి, వాటికి ఆ బాధ లేదు. ఇక 'వు'. వ పక్కన మామూలు కొమ్ము తగిలిస్తే అది 'మ' అయిపోతుంది, అందుకే వు, పులకి కొమ్ము అడుగు నుంచి మొదలవ్వాలి. రెండో తరగతిలో చెయ్యి పట్టుకుని దిద్దించిన విషయమే. ఇప్పుడు అదే విషయాన్ని కంప్యూటరుకి దిద్దించాలి.

జనవరి 30

వత్తులు. వారం రోజుల పని మొత్తం పారేశాను, ఎందుకో రాసిపెట్టుకోవాలి.

మొదట నేను చేసింది: గీసిన అక్షరం తీసుకుని 60 శాతానికి కుదించి వత్తుగా పెట్టడం. గ, చ, డ, ప లాంటి వాటి వత్తు ఆకారం అక్షరాన్నే పోలి ఉంటుంది కాబట్టి సమయం కలిసొస్తుందనుకున్నాను. తీరా పేజీ ప్రింటు తీసి గోడకి అంటించి దూరంగా నిలబడి చూస్తే, పై వరస నల్లగా దిట్టంగా ఉంది, వత్తుల వరస వెలిసిపోయినట్టుంది. అక్షరాన్ని కుదిస్తే దాని గీత మందం కూడా కుదించుకుపోతుంది. నా అక్షరంలో గీత మందం 96 యూనిట్లు (ఫాంటు లోపలి కొలత), కుదించిన వత్తులో దాదాపు 58.

బాబాయ్ గారి షీటు తీసి స్కేలుతో కొలిచాను. అక్షరం ఎత్తు 12 సెంటీమీటర్లు, వత్తు 7. గీత మందం అక్షరంలో 2 సెంటీమీటర్లు, వత్తులో 1.7. ఎత్తు దాదాపు సగానికి పడిపోయినా మందం పెద్దగా తగ్గలేదు. వీడియో మళ్ళీ చూశాను. వత్తుకి బ్రష్షు మార్చలేదు. అదే బ్రష్షుని కాస్త తేలిగ్గా ఆనించి రాస్తున్నారు. లోపలి ఖాళీ తగ్గించి మందం నిలబెట్టారు. ఈ లెక్క ఎవరైనా నేర్పారా అని ఫోన్ చేసి అడిగితే, "లెక్కేంటమ్మా, వత్తు కూడా అక్షరమే కదా, దాన్ని నీరసంగా ఎందుకు రాస్తాం" అన్నారు.

వత్తులన్నీ 82 యూనిట్ల మందంతో మొదటి నుంచి గీస్తున్నాను. త, న, మ, య, ర, ల వత్తులకి అక్షరం పోలికే ఉండదు, వాటిని ఎలాగూ విడిగా గీయాలి. ఈ ప్రాజెక్టు మొత్తంలో నా మనసంతా ఇక్కడే ఉంది. తెలుగు పేజీ నిండుగా కనబడేది వత్తుల వరస వల్లే, ఆ వరస వెలవెలబోతే పై వరస ఎంత బాగున్నా లాభం లేదు.

ఫిబ్రవరి 11

ఇవాళ్టి నుంచి గీత పని తగ్గి కోడ్ పని పెరిగింది. 'స్త్రీ' అని టైపు చేస్తే కంప్యూటరుకి చేరేవి ఆరు యూనికోడ్ గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని ఒక్క అక్షరంగా ఎలా కూర్చోబెట్టాలో చెప్పే నియమాలు ఫాంటులోనే రాయాలి. చాలా బ్రౌజర్లలో, లిబ్రాఫీసులో ఆ నియమాల్ని చదివి అక్షరాల్ని పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిను చేస్తుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని వత్తుగా మార్చు, క, ష కలిస్తే క్షగా మార్చు, గుడి వస్తే తలకట్టు లేని జంటని తీసుకురా. నియమాలు ఇలా ఒక్కొక్కటీ చిన్నవే. వరస తప్పితే మాత్రం మొత్తం కుప్పకూలుతుంది.

ఈ రాత్రి కుప్పకూలింది. 'రాష్ట్రం'లో ట వత్తూ, ర వత్తూ ఒకదాని మీద ఒకటి ఎక్కి నల్లటి ముద్ద అయ్యాయి. రెండు గంటలు కోడ్ వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. ర వత్తు అక్షరం కింది నుంచి ఎడమ పక్కకి చుట్టుకుని రావాలి, నేను దాన్ని అన్ని వత్తుల్లాగే కుడి పక్క కొలతతో పెట్టాను. దాన్ని సున్నా వెడల్పుతో (వరసలో విడిగా చోటు తీసుకోకుండా) ఎడమకి లాగాక ట వత్తు కుడికి, ర వత్తు ఎడమకి సర్దుకున్నాయి. బాబాయ్ గారి షీటు పక్కన పెట్టి చూశాను. ఆయన 'రాష్ట్రం'లో ర వత్తు కొస పక్కనున్న 'రా'ని తాకుతుందేమో అన్నంత దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. ఆ ఆగడం నాకింకా పట్టుబడలేదు.

ఫిబ్రవరి 19

మొత్తం 387 గ్లిఫులు, అంటే ఫాంటులో విడివిడిగా గీసిన రూపాలు. పరీక్ష పేజీలో 64 మాటలూ విరగకుండా వచ్చాయి. ఒక్క 'స్వాతంత్ర్యం' కోసం విడిగా నియమం రాయాల్సి వచ్చింది, త కింద ర వత్తూ య వత్తూ రెండూ పట్టాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో రెండో అంతస్తు వత్తుల అడుగు తెగిపోయింది. ఫాంటులో ఎత్తూ లోతూ చెప్పే విలువలు ఉంటాయి, వాటిని దాటిన భాగాన్ని కొన్ని ప్రోగ్రాములు కోసేస్తాయి. లోతు పెంచాను. దాంతో వరసల మధ్య దూరం పెరిగింది. పెరగనీ. ఇంగ్లిష్ కొలతల కోసం వత్తుల్ని నలిపెయ్యడం నాకు ఇష్టం లేదు.

పేరు కూడా ఇవాళే తేలింది. బాబాయ్ గారి పేరే పెడదామని మళ్ళీ అడిగాను, ఒప్పుకోలేదు. "మొదట గీత కొట్టేది దారం కదా, దాని పేరు పెట్టు" అన్నారు. ఫాంటు పేరు సుద్దదారం.

మార్చి 8

పోస్టరు. విషయం కోసం ఎక్కువ వెతకలేదు. మా వీధిలో ఏటా మార్చి చివర్లో చలివేంద్రం పెడతారు, తాటాకు పందిరి, ఇసుకలో కుండలు, మూతల మీద తడిగుడ్డలు. బెజవాడ ఎండల్లో దాని విలువ అందరికీ తెలుసు. ఈసారి బ్యానరు నేను చేస్తానని కమిటీ పెద్దలకి చెప్పాను. మాట ఒక్కటే, 'చలివేంద్రం'. నీలం మీద పసుపు, ఎర్ర నీడ, కిరాణా కొట్టు బోర్డు రంగులే. కుండ బొమ్మ క్రిటా అనే బొమ్మల ప్రోగ్రాములో వేశాను. నాలుగుసార్లు వేసి చివరికి తీసేశాను. అక్షరాలు చాలు. 'ద్రం' దగ్గర కుడి వైపు చాలా ఖాళీ మిగులుతోంది, దాన్ని నింపాలని చెయ్యి ఊరుకోదు. మేడమ్ వదిలెయ్యమన్నారు, వదిలేశాను.

మార్చి 15

ఫ్లెక్సీ ప్రింటు వచ్చింది. విప్పి చూడగానే కడుపులో దేవినట్టైంది.

ఒక గండం నాకు ముందే తెలిసినదే. షాపు కంప్యూటర్‌లో నా ఫాంటు ఉండదు, అక్షరాలు అక్షరాలుగా పంపితే 'ద్రం' విడిపోతుంది. అందుకే కర్వ్స్ చేసి, అంటే అక్షరాల్ని ఒట్టి ఆకారాలుగా మార్చి పంపాను. డీటీపీ వాళ్ళందరూ చెప్పే మాట అది, కర్వ్స్ చేసి ఇవ్వమ్మా, లేకపోతే మాకు సంబంధం లేదు. అక్షరాలు విడిపోలేదు. కానీ ప్రతి తలకట్టూ ఒంటిని తాకిన చోట చిల్లు పడింది. 'చ'లో ఒకటి, 'ద్రం'లో ఒకటి. పదడుగుల బ్యానరు మీద అరచేయంత చిల్లులు.

కారణం ఇంటికొచ్చాక దొరికింది. తలకట్టునీ ఒంటినీ నేను రెండు వేర్వేరు ఆకారాలుగా, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా గీశాను, ఆయన రెండు దెబ్బల్లో రాస్తారు కదా అని. స్క్రీన్ మీద రెండూ కలిసి నల్లగానే కనిపించాయి. కర్వ్స్‌గా మారాక కొన్ని ప్రోగ్రాములు రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడిన చోటుని ఖాళీగా లెక్కేస్తాయి. 387 గ్లిఫులూ తెరిచి, ఎక్కిన చోటల్లా రెంటినీ ఒకే ఆకారంగా కలిపాను, గీత తిరిగే దిక్కు సరిచూశాను. రెండు రాత్రులు పట్టింది. పాత ఫైలు విడిగా దాచాను, దెబ్బలు విడివిడిగా ఉన్న ఆ ఫైలే మోషన్ పనికి కావాలి.

రంగు కూడా దెబ్బతింది. స్క్రీన్ మీద మెరిసిన నీలం ప్రింటులో వంకాయ రంగుకి తిరిగింది. స్క్రీన్ రంగులు మూడు వెలుగుల కలయిక, ప్రింటువి నాలుగు సిరాల కలయిక, అంత గాఢమైన నీలం సిరాలకి అందదు. ఎరుపు సిరా పాళ్ళు తగ్గించి, చిన్న ముక్క మీద ఐదు నీలాలు ప్రింటు వేయించి, రేకు ఫొటో పక్కన పెట్టుకుని ఎంచుకున్నాను. మొదటి బ్యానరు డబ్బులు 900 పోయాయి. అది మా గదిలో మంచం కింద చుట్టి ఉంది, పారెయ్యలేదు.

మార్చి 27

మోషన్ గ్రాఫిక్. సెకనుకి 24 ఫ్రేములు, 12 సెకన్లు, మొత్తం 288 ఫ్రేములు. ప్రతి బ్రష్షు దెబ్బకీ మధ్యలో ఒక సన్నగీత గీసి, దాన్ని లావు చేసి మాస్కుగా (తన మేరకే కింది అక్షరం కనబడనిచ్చే తెరగా) వాడి, మొదటి నుంచి చివరికి తెరుచుకునేలా చేస్తే అక్షరం రాస్తున్నట్టు కనిపిస్తుంది. మొదటి రకం అంతా ఒకే వేగంతో చేశాను. నీళ్ళ గొట్టంలో రంగు పారినట్టుంది, చెయ్యి కనబడలేదు.

వీడియో తీసి ఫ్రేము ఫ్రేముగా లెక్క రాశాను. బాబాయ్ గారికి 'చలివేంద్రం' రాయడానికి 41 సెకన్లు పట్టింది. తిన్నగా పోయేటప్పుడు వేగం, మలుపు ముందు నెమ్మది, మలుపు దాటాక మళ్ళీ వేగం. సున్న మాత్రం మొదటి నుంచీ నెమ్మదే. తలకట్టు అయితే మూడు ఫ్రేముల్లో అయిపోతుంది, నేను దానికి 14 ఇచ్చాను. ఈ లెక్కలన్నిటినీ అదే పాళ్ళలో 12 సెకన్లకి కుదించాను.

'వేం' తర్వాత ఆయన బ్రష్షు మళ్ళీ ముంచుతారు. అక్కడ స్క్రీన్ మీద ఏమీ జరగదు. రివ్యూలో ఆ ఆగిన చోటు తీసెయ్యమన్నారు, చూసేవాళ్ళు వీడియో ఆగిపోయిందనుకుంటారని. నేను ఒప్పుకోలేదు. 10 ఫ్రేములు ఉంచి, వాటి మీద డబ్బా అంచుకి బ్రష్షు ఒత్తిన చప్పుడు పెట్టాను. రెండుసార్లు, టిక్, టిక్. అప్పుడు 'ద్రం' మొదలవుతుంది. ఆ చప్పుడు లేకపోతే ఈ వీడియో ఎవరైనా చెయ్యొచ్చు.

ఏప్రిల్ 4

చలివేంద్రం మొదలైంది. కొత్త బ్యానరు బాగా వచ్చింది, నీలం నీలంగానే ఉంది. బాబాయ్ గారిని మధ్యాహ్నం ఆటోలో తీసుకొచ్చాను. కుండలో నీళ్ళు తాగి, రోడ్డు దాటి అవతలి గట్టు మీదికి వెళ్ళి నిలబడి చూశారు. వెనక్కొచ్చి ఏమీ అనలేదు. నాకు టెన్షన్.

కాసేపాగి, "ఆ ద కింద ర వత్తు నాది కాదమ్మా" అన్నారు.

అక్కడే పందిరి కింద బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ గ్లిఫుని స్క్రీన్ నిండా పెద్దది చేశాను. ఆయన వేలితో గాజు మీద గీసి చూపించారు. నేను ర వత్తు ద అడుగుకి సరిగ్గా కింద నుంచి మొదలుపెట్టాను, ఆయన ఇంకా కుడి నుంచి మొదలుపెట్టి, ద కడుపు కింద దాదాపు ఆనించి, ఎడమకి వచ్చాక మాత్రమే దూరం తీసుకుంటారు. ఫిబ్రవరిలో 'రాష్ట్రం' దగ్గర నాకు పట్టుబడనిది ఇదే. ఎడమ కొస ఎక్కడ ఆగాలా అని చూస్తూ కూర్చున్నాను, అది కుడి వైపు ఎక్కడ మొదలైందో అన్నదాన్ని బట్టి ఆగుతుంది.

ఎనిమిది యూనిట్లు పైకి జరిపాను. "ఇంకొంచెం." ఇంకో నాలుగు. మొదలు కుడికి 20. "ఆ కొస దించకు, అలాగే ఉంచు." కొసని వెనక్కి తెచ్చాను. "ఇప్పుడు అవతలి నుంచి చూడాలి" అని ల్యాప్‌టాప్ నా చేతికిచ్చి ఎత్తి పట్టుకోమని, తను మళ్ళీ రోడ్డు దాటారు. అక్కడి నుంచి చెయ్యెత్తి చాలన్నట్టు ఊపారు.

ఏప్రిల్ 6

ర వత్తు మారింది కాబట్టి క్ర, ప్ర, త్ర, ద్ర, శ్ర, ష్ట్ర, స్త్ర అన్నీ మళ్ళీ చూసుకున్నాను. 'శ్రీ' దగ్గర కొస శ కాలికి తగులుతోంది, దానికి విడి కొలత ఇచ్చాను. మిగతావి ఆయన చెప్పిన కొలతకే బాగున్నాయి.

సబ్మిషన్‌కి ఇంకా 12 రోజులు. మిగిలిన పని: అంకెలు, బ్రాకెట్లు, రూపాయి గుర్తు. అంకెలు లారీల మీద నుంచి కావలసినన్ని దొరికాయి. రూపాయి గుర్తు దగ్గరే ఆగింది. అది 2010లో వచ్చింది, అప్పటికే ఆయన బోర్డులు వదిలేసి లారీల మీదికి వెళ్ళిపోయారు, లారీ మీద ధరలు రాయరు. బోర్డుల రోజుల్లో 'రూ.' అని రాసేవారు. ఈ గుర్తు జీవితంలో ఒక్కసారి కూడా రాయలేదట.

సాయంత్రం ఆటోనగర్ వెళ్ళి ఒక షీటు ముందు పెట్టాను. జేబులోంచి పది రూపాయల నాణెం తీసి, గుర్తుని దగ్గరగా పెట్టుకుని చూశారు. సుద్దదారం కొట్టమన్నారు, రెండు గీతలు. మూడుసార్లు రాశారు. మొదటి రెండింటిలో పై అడ్డగీతలు రెండూ ఒకే మందంలో ఉన్నాయి. మూడోసారి కింది గీత కొంచెం సన్నం చేశారు. దాని చుట్టూ సుద్దతో సున్న చుట్టి షీటు నాకిచ్చారు. పెయింటు ఆరాక రేపు పొద్దున్నే స్కాన్‌కి ఇవ్వాలి.